నాలుగు బై ఆరు

నాలుగడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు.
కాగితంలో అలాగే ఉంది.
నీలి నేల మీద తెల్లక్షరం.
పథకం గుర్తు కుడి మూల,
మొత్తం రేకులో ఎనిమిదో వంతుకి తగ్గకూడదు.
డబ్బు ఎవరిదో చెప్పే వరుస
ఇంకే వరుసకన్నా చిన్నది కాకూడదు.
బండి మీద పోయేవాడు బండి ఆపకుండా చదవాలి.
అయిదేళ్లు రంగు ఊడకూడదు.

ఇరవయ్యారేళ్లుగా రాస్తున్నాను బోర్డులు.
లాలాపేట బంగారు కొట్లకి రాశాను,
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీల గోడల మీద
మనిషెత్తు మిరపకాయలు వేశాను.
అక్షరానికి ఇంత మర్యాద చేసిన కాగితం
నేనెప్పుడూ చూళ్లేదు.
ఫ్లెక్సీలొచ్చి కుంచెలు బిరుసెక్కిన రోజుల్లో
రేకు మీద చేత్తోనే రాయాలన్న ఆ ఒక్క వాక్యాన్ని
మా ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను.

కాలువకన్నా ముందు బోర్డొచ్చింది
సంగడిగుంటలో మా లైనుకి.
అది రూలే.
బోర్డు నిలబెట్టి, ఫోటో తీసి,
ఫోటో అడుగున అక్షాంశం, రేఖాంశం పడితేగాని
మొదటి బిల్లు కదలదట.
వర్క్ ఇన్‌స్పెక్టర్ శౌరయ్య
నా భుజం మీంచి వంగి చదువుతున్నాడు.
సైడు కాలువ, నూట అరవై మీటర్లు.
అంచనా విలువ.
మొదలైన తేదీ.
పూర్తయిన తేదీ...
"అది వదిలెయ్ మీరావలీ,
పది అంగుళాలు ఖాళీ ఉంచు."

ఖాళీకి కూడా కొలతుంది.

ఇడ్లీ బండి నాంచారమ్మ
చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.
"ఎవరిచ్చార్రా డబ్బులు?"
"రాశాగా పిన్నీ. ప్రజల పన్నుల నుంచి."
"నేను నూనె ప్యాకెట్టు మీద కట్టేది కూడానా?"
"అదీ."
"మరి నా పేరేదీ?"
ఇదిగో ఇక్కడ అని నేను చూపించేలోపే
ఆమె వేలు వెళ్లి తగిలింది,
'ప్రజల'లో ప్ర కింద, క్రావడి ఒంపు దగ్గర,
ఇంకా ఆరని తెలుపు మీద.
టర్పెంటైన్ గుడ్డ నా జేబులోనే ఉంది.
ఎందుకో తీయలేదు.

నలభై మీటర్లకి సిమెంటు పోశారు.
మిగతా నూట ఇరవై తవ్వి వెళ్లిపోయారు.
వానలొచ్చాయి.
మా గడపకీ రోడ్డుకీ మధ్య
మొలలోతు నల్లనీళ్లు.
పిల్లల్ని చంకనెత్తుకుని దాటించాం మూడ్రోజులు.
నాలుగో రోజు తెల్లారేసరికి
రెండు ఇనప కాళ్లున్నాయి, మధ్యలో బోర్డు లేదు.
నాలుగు బోల్టులు.
ఎవరి పానా అని అడక్కండి,
పానా మాదే.

కొలిచినట్టు సరిపోయింది గోతికి అడ్డంగా.
ఎనామిల్ మీద కాలు జారుతుందని
అక్షరాలు కిందికి పెట్టి పరిచాం.
అప్పట్నుంచీ నా రాతని
పైనుంచి ఎవరూ చూడలేదు.
కింద పారే మురుగు
ఆగకుండానే చదువుకుపోతోంది.

ఏడాదికోసారి తనిఖీ.
ముందురోజు సాయంత్రం శౌరయ్య ఫోను:
"రేపు పదకొండింటికి, కాస్త నిలబెట్టండయ్యా."
నలుగురం పట్టి లేపుతాం,
రెండు బిందెల నీళ్లు కొడతాం,
జిల్లేడాకులూ పాలకవర్లూ ఏరేస్తాం.
బోల్టులు కూడా బిగించం, వెనక ఇద్దరు కుర్రాళ్లు
బోర్డుకి కాళ్లొచ్చినట్టు పట్టుకుంటారు.
ఫోటో.
అక్షాంశం.
రేఖాంశం.

నాలుగో ఏడు.
ఎండ పడదు, చెయ్యి తగలదు,
ఒక్క పెచ్చు లేవలేదు నా రంగు.
నాకు సంతోషంగానే ఉంది,
అబద్ధమెందుకు.
శౌరయ్య ఫోను దగ్గరికి జరిపి చూశాడు:
"ఈ మచ్చేంటి మీరావలీ? ప్ర కింద?
పెద్ద చేస్తే కనబడుద్ది."
"దిద్దమంటారా, కుంచె తెస్తా?"
నాంచారమ్మ చట్నీ గరిటె పట్టుకుని
అటే చూస్తోంది.
శౌరయ్య ఆమెని చూశాడు, మచ్చని చూశాడు,
తేదీ లేని పది అంగుళాల మీద కన్ను నిలపలేక
గోతిలోకి చూశాడు.
"వద్దులే," అన్నాడు. "మళ్లీ పరిచెయ్యండి,
నేను అవతలికి పోవాలి."

ఒక కొస తనే పట్టాడు.

ముందు ఆయన దాటాడు, బూట్లతో, మెల్లిగా.
తర్వాత ఇడ్లీ బండి.
ముందు చక్రం ఎక్కినప్పుడు ఒకసారి,
వెనక చక్రం దిగినప్పుడు ఒకసారి
మోగింది రేకు.